ఒకే కాగితం మీద రెండు గడియారాలు

ఫిబ్రవరి 2

అక్కకు,

నీ ఉత్తరం నిన్న అందింది. కొట్లోనే విప్పాను. వాచీ బాగుచేస్తూ కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నానేమో, 'ఆపరేషన్' అన్న మాట గుమ్మడికాయంత కనిపించింది. అద్దం తీసి మళ్ళీ చదివాను. అప్పుడూ అంతే ఉంది.

గొంతులో మాట పుట్టే పెట్టెను మొత్తానికే తీసేస్తారా? ఏప్రిల్ రెండున? ఆ తర్వాత ఇక మాట ఉండదా? మరి బావ గతేమిటి, పాపం! చెవులు ఒక్కసారిగా ఖాళీ అయిపోతే మనిషికి చలి పట్టుకోదూ? ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో మైకు పట్టుకుని బళ్ళ వేళలు చదివినదానివి. నీ గొంతుకు జడిసే బళ్ళు వేళకు కదిలేవి.

సరే, వెక్కిరింతలు ఆపుతాను. భయమేస్తే నా నోరు ఆగదు, నీకు తెలుసు.

నేను వస్తున్నాను. ఫోన్‌లో నా గొంతు విననని నువ్వు ఒట్టు పెట్టుకుని మూడేళ్ళయింది. నేరం నాదే. ఆసుపత్రి మనిషిలా గొంతు మార్చి 'మీ ఆయన లారీ కింద పడ్డాడు' అన్నాను. నువ్వు మెట్ల మీద నుంచి దొర్లి మణికట్టు విరగ్గొట్టుకున్నావు. 'ఇకమీద ఏడుపొచ్చినా కాగితం మీదే ఏడువు, రాతలో గొంతు మార్చలేవు' అన్నావు. అప్పటి నుంచి రాస్తూనే ఉన్నాను. కానీ నీ తిట్లు చెవులారా విని మూడేళ్ళయింది. కాగితం మీద తిట్టు చల్లారిన టీ లాంటిది. నీ గొంతు ఉండగానే ఒకసారి ఎదురుగా నిలబడి వేడివేడిగా తిట్టించుకోవాలి.

మార్చి 24కు టికెట్టు తీశాను. ఏజెంటు ఇచ్చిన కాగితం నా ముందే ఉంది. ఉదయం 9.40కి ఎక్కడం, అదే రోజు మధ్యాహ్నం 3.10కి దిగడం. ఐదున్నర గంటలు! దూరమెంతయ్యా అంటే పదకొండు వేల కిలోమీటర్లన్నాడు. నమ్మబుద్ధి కాక, పక్కింటి పిల్లల గ్లోబు తెచ్చి దారంతో కొలిచాను. దారం భూమిని పావు వంతు పైనే చుట్టేసింది. తర్వాత క్యాలెండరు వెనక భాగహారం చేశాను. గంటకు రెండు వేల కిలోమీటర్లు! ఏడో తరగతితో ఆపేసిన బుర్ర కదా అని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ రెండు వేలే. అక్కా, ఆ వేగానికి మొహం మీద చర్మం మొహం మీదే ఉంటుందా?

తిరుగు ప్రయాణం ఇంకా వింత. సాయంత్రం 5కి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం 2కి దిగడమట. ఇరవై ఒక్క గంటలు! పోవడానికి ఐదున్నర, రావడానికి ఇరవై ఒకటేమిటని అడిగితే, ఏజెంటు ఇంకెవరితోనో ఫోన్‌లో ఉండి 'అది అలాగే ఉంటుందండీ' అని చెయ్యి ఊపాడు. ఎదురుగాలి కాబోలు. ఆరు గంటలకు మించి కూర్చోవద్దని డాక్టరు నాకు ఆంక్ష పెట్టాడు. అందుకని పోయే టికెట్టొక్కటే తీశాను. రావడం సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పటి నుంచే వణుకుతూ,
నీ తమ్ముడు కోతి


ఫిబ్రవరి 14

ఒరేయ్ కోతీ,

హనుమంతుడి ముందా నీ కుప్పిగంతులు? బళ్ళ వేళలు చదివి చదివి జుట్టు నెరిసినదాన్ని. పోయేటప్పుడు ఐదున్నర, వచ్చేటప్పుడు ఇరవై ఒకటా? గంటకు రెండు వేలా? కనీసం అబద్ధానికైనా అతుకు కనబడకూడదురా. ఆరు గంటలకు మించి కూర్చోవద్దన్న ఆ డాక్టరెవరు? బడిలో ఆరు నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు నువ్వు, అప్పుడేమయ్యాడా డాక్టరు?

నీ ఉత్తరం చదివి బావ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నవ్వి నవ్వి, 'నిజంగానే వస్తాడేమోనే' అన్నాడు. 'మా వాడు వస్తానంటే రాడు, రానంటే తలుపు వెనకే ఉంటాడు' అన్నాను.

నన్ను నవ్వించాలని రాశావని తెలుసు. నవ్వాను కూడా. కానీ తర్వాత గదిలోకి వెళ్ళి మళ్ళీ చదివాను. నిజంగా రావాలనుకున్నవాడు ఇలాంటి లెక్కలు రాయడు. రావడం ఇష్టం లేనివాడే రాస్తాడు. రాలేకపోతే రాలేనని ఒక ముక్క రాయి, నేనేమీ అనుకోను. చావు దగ్గర కూడా వేళాకోళమేనా అని మాత్రం అనిపించింది.

నా గొంతుకేం, కాస్త జలుబు చేసినట్టుంటుంది, అంతే. ఇప్పటి నుంచే అలవాటు కావాలని బావ ఒక పలకా, నాలుగు రాతపుస్తకాలూ తెచ్చిపెట్టాడు. పొద్దున పలక మీద 'టీ' అని రాసి చూపించాను. ఆయన టీ ఇచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు భయంగా ఉందిరా. నువ్వేమో గాలిలో లెక్కలు కట్టుకుంటున్నావు.

అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

నీ ఉత్తరం మడిచి సొరుగులో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాను. అబద్ధం ఆడినన్నాళ్ళూ అందరూ నమ్మారు. ఒక్కసారి నిజం చెప్పాను, నవ్వుతున్నారు. పులి వచ్చే, పులి వచ్చే అని అరిచినవాడి గతి నాకు పట్టింది. పులి నిజంగానే వచ్చింది, నా ఎడమ పిక్కలో కూర్చుంది.

నీకు చెప్పని సంగతి ఇది. పోయిన ఏడాది ఎడమ కాలు దిండులా వాచింది. పిక్క లోపల నెత్తురు గడ్డ కట్టిందన్నారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే మనిషి ఎలా పోతాడని అడిగాను. డాక్టరు మెల్లగా ఏదో చెప్పాడు. నాకు నా భాషలో అర్థమైంది. నడుస్తున్న వాచీలో ఇసుక రేణువు పడుతుంది చూడు, అలా. టిక్ అంటుంది, టక్ అనదు.

'రోజుకు పది గంటలు ఆ బల్ల ముందు కదలకుండా కూర్చుంటే ఇంకేమవుతుంది? ఆరు గంటలు దాటితే నా పూచీ లేదు' అన్నాడు. అందుకే కొట్లో అలారం పెట్టుకున్నాను. ఆరో గంట కొట్టగానే చేతిలో ఎవరి వాచీ గుండెకాయ ఉన్నా సరే, మూతేసి లేస్తాను. నీ మరదలిని అడుగు, అబద్ధమైతే.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే నమ్మవు. నమ్మితే నిద్రపోవు.

అందుకే ఐదున్నర గంటల కాగితం చూసి ప్రాణం లేచి వచ్చింది. అరగంట మిగులు కూడా ఉంది. ఎక్కాక లేవకుండా, కాలు కదిపితే గడ్డ ఊడుతుందేమో గనక కదపకుండా, ఊపిరి బిగబట్టి కూర్చుని దిగిపోతాను.

ఆ వేళలు నేను కల్పించినవి కావు. నా కొట్లో గోడ నిండా గడియారాలే. రెండు గడియారాలు వేరు వేరు వేళ చూపిస్తే వాటిలో ఒకటి జబ్బుది. అది నా వృత్తిలో మొదటి పాఠం. విప్పి బాగుచేస్తాను. కాలం సంగతి నాకు నేర్పకు. కాగితం మీద 9.40 ఉంది, 3.10 ఉంది. తీసివేత నాకు వచ్చు.

ఇంతకుమించి ఎలా చెబితే నిజమని నమ్ముతావో నాకు తెలియదు. నా జన్మలో ఇంత సాదా ఉత్తరం రాయలేదు. అదే సాక్ష్యం అనుకో.

తమ్ముడు


మార్చి 10

అక్కా,

పోయిన ఉత్తరానికి ఇంకా జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేను. నీ మరదలికి చెబితే టికెట్టు చింపేస్తుంది.

ఇవాళ కొట్లో ఒంటరిగా ఉన్నాను. ఫోన్ మోగింది. ఎత్తాను. అవతల ముందు ఊపిరి మాత్రమే. తర్వాత గొంతు. గొంతు కాదది, పచ్చి కట్టె మీద రంపం లాగినట్టు. ఆడో మగో తెలియలేదు. 'ఎక్కకు' అంది. 'ఎక్కితే చచ్చిపోతావు' అంది.

'ఎవడ్రా నువ్వు, నాకే టోపీ పెడతావా? గొంతు మార్చడం నేను మీ తాతలకు నేర్పాను' అన్నాను. అటు పక్క ఇంకేదో గీరింది, దగ్గింది. ఫోన్ పెట్టేశాను. మళ్ళీ మోగింది. తీగ లాగేశాను.

మొదట ఎదురుకొట్టు దర్జీ అనుకున్నాను. వాడు ఒళ్ళు కొలిచాక, గుడ్డ కత్తిరించకముందు, వాడి కొలత టేపు మధ్యలో నాలుగంగుళాలు కత్తిరించి అతికించింది నేనే, ఒక పెళ్ళికొడుకు కోటు నడుం దాకానే వచ్చింది. వెళ్ళి చూస్తే వాడు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరికో కొలతలు తీస్తున్నాడు. వాడు కాదు.

అప్పుడు మొదలైంది భయం. టికెట్టు సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది? కాలి సంగతి తెలిసినవాళ్ళు ఎవరు? మూడేళ్ళ క్రితం నీకు వచ్చిన ఫోనే ఇవాళ నాకు తిరిగి వచ్చినట్టుంది. నేనైతే మెట్ల మీద నుంచి పడలేదు. స్టూలు మీదే కూర్చుండిపోయాను. కొట్లో గడియారాలన్నీ ఒకేసారి కొట్టుకుంటుంటే రెండు చెవులూ మూసుకున్నాను.

అది యముడి గొంతే అనుకో. అయినా ఎక్కుతాను. నువ్వు నాతో ఫోన్‌లో మాట్లాడవు కదా. నీ గొంతు వినాలంటే రావడం ఒక్కటే దారి.

తమ్ముడు


మార్చి 10

నాన్నా, కోతీ, ఎక్కకు.

నీ ఫిబ్రవరి 27 ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. చదివి, నీ మొదటి ఉత్తరం తీసి వేళలు మళ్ళీ చూశాను. 

నీ తీసివేత తప్పు. బడి మానేసినందుకు కాదు, ఎవరూ చెప్పనందుకు. టికెట్టు మీద ఎక్కే వేళ మీ ఊరి గడియారంది, దిగే వేళ మా ఊరి గడియారంది. మీకంటే మేము ఎనిమిది గంటలు వెనక. ఒకే కాగితం మీద రెండు ఊళ్ళ గడియారాలు ఉంటాయిరా, రెండూ ఒప్పే, ఒకటీ జబ్బుది కాదు. ఐదున్నరకు ఎనిమిది కలుపు. పదమూడున్నర గంటలు! వచ్చేటప్పటి ఇరవై ఒకటిలో నుంచి ఎనిమిది తియ్యి. పదమూడు. దూరాన్ని పదమూడున్నరతో భాగించి చూడు, గంటకు ఎనిమిది వందల చిల్లర వస్తుంది. విమానాలు పోయేది అంతే. నేను మొదటి ఉత్తరంలోనే పట్టుకోవలసింది. పరాచికమనుకుని నవ్వాను. నువ్వు చావు టికెట్టు చూపిస్తే నేను నవ్వాను.

పదమూడున్నర గంటలు కాలు కదపకుండా కూర్చుంటావా? ఊపిరి బిగబట్టా? ఒట్టు తీసి గట్టున పెట్టి వెంటనే నీకు ఫోన్ చేశాను. మూడేళ్ళ తర్వాత. నువ్వు 'ఎవడ్రా' అన్నావు.

నా గొంతు నువ్వు గుర్తుపట్టలేదు.

జలుబు అని రాశాను కదా, అది అబద్ధం. రెండు నెలలుగా ఇలాగే ఉంది. అద్దం ముందు మాట్లాడితే నాకే ఎవరో వెనక నిలబడి మాట్లాడినట్టుంటుంది. నీకు పాత గొంతే గుర్తుండాలని చెప్పలేదు. నువ్వు కాలు దాచావు, నేను గొంతు దాచాను. ఇద్దరికి ఇద్దరం. మళ్ళీ నాలుగుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. మీ ఇంటికి టెలిగ్రాం ఇద్దామని బావ అంటే, అదెప్పుడో ఎత్తేశారట. మీ ఇంట్లో ఫోన్ లేదు, ఉన్నదల్లా ఆ కొట్లో డబ్బానే. ఇక ఈ ఉత్తరం తప్ప దారి లేదు. పన్నెండు రోజులు పడుతుంది, ఇరవై రెండుకు అందాలి. రెండు రోజులే మిగులు. అందకపోతే?

నేను వినిపించనంత మాత్రాన కొంపలు మునగవు. నువ్వు ఉంటే చాలు. ఎక్కకు.

అక్క


మార్చి 24
ఎడమ చేతి వాచీ: మధ్యాహ్నం 12.10. కుడి చేతి వాచీ: తెల్లవారుజాము 4.10.

అక్కా,

ఎక్కాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, చేతికే ఇస్తాను. ఇవ్వలేకపోతే నా జేబులో దొరుకుతుంది.

నీ ఉత్తరం ఇరవై రెండు సాయంత్రం వచ్చింది. 'నా గొంతు నువ్వు గుర్తుపట్టలేదు' అన్న చోట ఆగిపోయాను. నీ మరదలు మిగతాది చదివి వినిపించింది. ఆ రంపం నువ్వు. నువ్వు నా ప్రాణం కాపాడటానికి ఫోన్ చేస్తే, గొంతు మార్చడం మీ తాతలకు నేర్పానన్నాను. మన తాతకే కదా!

ఫోన్ తీగ మళ్ళీ తగిలించాను. నంబరు సగం తిప్పాను, ఆపేశాను. నువ్వు ఎత్తి, ఆ గొంతుతో 'వద్దు' అంటే ఆగిపోతాను. నా జన్మలో నీ మాట వినే మొదటిసారి అదే అయ్యేది. అందుకే చెయ్యలేదు.

పరుగెత్తి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. 'ఆరు గంటలన్నది మీ బల్ల దగ్గర, రోజంతటికీ కలిపి! విమానంలో గంటకోసారి లేవాలి. ఐదున్నర గంటలు రాయిలా కూర్చుందామనుకున్నారా? దిగేది మీరు కాదు, మీ శవం' అన్నాడు. చూశావా, నా లెక్క ఒప్పయినా తప్పే. నీ ఉత్తరం రాకపోతే కాలు కదపకుండా పోయేవాణ్ణి. ఇవాళ తెల్లారే నెత్తురు గడ్డకట్టకుండా పొట్టలో ఒక సూది పొడిచాడు, మోకాలి దాకా బిగుతు మేజోళ్ళు ఇచ్చాడు, గంటగంటకూ నడవమన్నాడు, నీళ్ళు తాగమన్నాడు. 'పూచీ ఇస్తారా' అంటే 'పూచీ ఇవ్వను, దారి చెబుతాను' అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నేను కూడా పాత వాచీలకు అంతే చెబుతాను.

ముందు సీటు వీపుకు చిన్న తెర ఉంది. దాని మీద ఈగంత విమానం పాకుతోంది. కింద మూడు అంకెలు. ఇంకా ఎంత దూరం: తొమ్మిది వేలు. ఇంకా ఎంత సేపు: పదకొండు గంటలు. వేగం ఎనిమిది వందల ముప్పై. రెండు వేల భయం పోయింది, దాని బదులు ఎనిమిది గంటలు వచ్చి మీద పడ్డాయి.

అలారం కొట్టింది. లేస్తున్నాను.

సాయంత్రం 6.40. నీకు ఉదయం 10.40.

తొమ్మిది గంటలైంది. ఎడమ పిక్క లాగుతోంది. ఇందాకటి నుంచీ. ఇది నరం పట్టడమా, అదేనా? ఏది ఏదో లోపలికి ఎలా చూడను? అందరి గుండెలూ విప్పి చూసేవాణ్ణి, నా కాలికి మూత లేదు. కిటికీలో ఎండ, కింద మబ్బు, దాని కింద ఏముందో తెలియదు. తెర మీద మూడు వేల ఏడు వందలు.

నీళ్ళు ఇచ్చే అమ్మాయిని పిలిచాను. 'అమ్మా, నేను పరాచికం ఆడటం లేదు' అన్నాను. పాపం, ఆ పిల్లకు నేనెవరో ఏం తెలుసు? 'ఎవరన్నారండీ?' అంది. యాభై ఏళ్ళలో నా నిజాన్ని ఒక్క మాటకే నమ్మిన మొదటి మనిషి. మేజోడు కిందికి దింపి చూసింది, వాపు లేదంది. నా చెయ్యి పట్టుకుని వెనక తలుపు దాకా నడిపించింది. నాలుగుసార్లు. ఆమె చేతిని వదల్లేదు నేను. సిగ్గు లేదు.

ఈ భయంలో ఒక సంగతి తెలిసింది. లారీ అన్న మాట విని మెట్లు దిగుతున్నప్పుడు నీకు ఇలాగే ఉండి ఉంటుంది. నీకు ఆ భయం నేనిచ్చాను. ఇన్నాళ్ళూ 'నవ్వులాటకే కదా' అన్నాను తప్ప తప్పయిందని అనలేదు. తప్పయింది అక్కా. ఒకవేళ ఎదురుగా చెప్పే వీలు లేకపోతే ఇదే చెప్పినట్టు.

రాత్రి 10.30. నీకు మధ్యాహ్నం 2.30.

ఇంకా నలభై నిమిషాలు. లాగడం తగ్గింది. చెవులు మూసుకుపోతున్నాయి. ఎడమ చేతిది మా ఊరు, కుడి చేతిది మీ ఊరు, రెండూ టిక్ టిక్‌మంటూ ఒకటే చప్పుడు. ఏదీ విప్పాల్సిన పని లేదు.

నువ్వు గేటు దగ్గర ఉంటావో, రాననుకుని ఇంట్లో ఉంటావో తెలియదు. ఉంటే పిలువు. ఈసారి గుర్తుపడతాను.

తమ్ముడు


ఏప్రిల్ 5

ఒరేయ్ కోతీ,

మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నావు. మన మధ్య దూరం మూరెడు. అయినా ఉత్తరమే రాయాల్సి వచ్చింది చూడు. పలక చిన్నది, నాకు చెప్పాల్సింది పెద్దది.

నువ్వు దిగిన రోజు మేము పొద్దున్నుంచే గేటు దగ్గర ఉన్నాం. రాకూడదని దండం పెట్టుకుంటూ, తలుపు తెరుచుకున్నప్పుడల్లా నీ కోసం వెతుకుతూ. ముసలి నడకతో, రెండు చేతులకూ రెండు వాచీలతో ఒకడు బయటికి వచ్చి తప్పు వైపు వెళ్ళిపోతున్నాడు. 'కోతీ' అన్నాను. ఆ రంపంతోనే. చుట్టూ ఉన్నవాళ్ళు జడుసుకుని పక్కకు తప్పుకున్నారు. నువ్వు ఒక్కడివే వెనక్కి తిరిగావు.

తర్వాత తొమ్మిది రోజులు, మిగిలిన గొంతంతా నిన్ను తిట్టడానికే ఖర్చు పెట్టాను. ఏమీ మిగల్చలేదు. మత్తు ఇచ్చే ముందు ఆఖరుగా అన్న మాట కూడా నిన్నే: 'వెధవా, నీళ్ళు తాగావా?' బావకు కోపం వచ్చిందట, ఆఖరి మాట తనకు దక్కలేదని.

ఇప్పుడు నా భయమల్లా నీ తిరుగు ప్రయాణం. పదమూడు గంటలు. మళ్ళీ సూది వేయించుకోకుండా గడప దాటనివ్వను. నీ ఎడమ చేతి వాచీ ఇక్కడ వదిలెయ్యి, మీ ఊరి టైంతోనే. నువ్వు గాలిలో ఉన్నంతసేపూ దాన్ని పట్టుకుని కూర్చుంటాను. గంట తిరిగినప్పుడల్లా లేచి ఈ గది ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాను. నువ్వు అక్కడ నడువు. నడిచావో లేదో నాకెలా తెలుస్తుందని నవ్వకు.

ఇది చదవడం ఇక ఆపు. కూర్చుని గంట దాటింది.

లే. నడువు.